బృందగానమునకు తగిన కీబోర్డు

వాద్యమును కొనుట నగను కొనుట వంటిది కాదు. నగను పెట్టెలో దాచినను దాని విలువ తఱుగదు. వాద్యమును పెట్టెలో దాచినచో దాని విలువ యంతయు నశించును. ఈ సత్యము మాకు గ్రంథముల వలన తెలిసినది కాదు. మేమొక కుటుంబమునకిచ్చిన చెడ్డ సలహా వలన తెలిసినది. అట్టి తప్పు మఱియొకరి యింట జరుగకుండుటకై ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

కొన్ని సంవత్సరముల క్రిందట మా తరగతిలో చదువుచుండిన యొక బాలుని తండ్రి మా యొద్దకు వచ్చెను. ఆయన తాపీపని చేయువాడు. "మాస్టరుగారూ, మావాడు మా సంఘములో పాటలకు కీబోర్డు వాయించెదనని పట్టుబట్టినాడు. కూలిలో మిగిల్చి కొంత సొమ్ము కూడబెట్టితిని. ఏది కొనవలెనో మీరే చెప్పవలెను" అని యడిగెను. మేము ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో నుండగా అచ్చటి ప్రార్థనమందిరపు పియానో మీద వ్రేళ్లు దిద్దుకొన్నవారము. కావున ఆ బాలుని గూర్చి ఒక్క ప్రశ్నయైనను అడుగకయే, "కొన్నచో 88 మెట్లు గలిగి, పియానో వలె బరువుగా దిగు డిజిటల్ పియానోనే కొనుడు, తక్కినవి ఆటవస్తువులు" అని చెప్పితిమి. ఆయన మా మాట నమ్మి, చాలని సొమ్మునకు అప్పు చేసి దానినే కొనెను.

వాద్యము మంచిదే. కాని దాని బరువు పండ్రెండు కిలోలకు దాపున నుండెను. స్టాండును సంచియు కలిసిన పిమ్మట ఇరువది కిలోలకు మించెను. పొడవు నాలుగడుగులకు పైబడెను. ఆ సంఘపు గాయకబృందము ఇరుగుపొరుగు పల్లెలలోని కూటములకు తఱచు పోవుచుండునది. బస్సులో దానికి చోటు దొరకదు; ఆటోకు కిరాయి చాలదు. డోలకు వాయించువాడు రాని దినమున తాళము పట్టుటకు ఆ వాద్యములో ఏ తోడును లేదు. బాలుడు రెండు నెలలు ఎట్లో మోసెను. పిమ్మట దానిని మంచము ప్రక్కన నిలువబెట్టి దుప్పటి కప్పిరి. సంవత్సరము తిరుగకమునుపే సగము వెలకు అమ్మివేసిరి. ఆ తండ్రి మమ్ము ఒక్క మాటయైనను అనలేదు. అనియుండినచో మాకు కొంత తేలికగా నుండెడిది.

నాటి నుండి ఎవరైనను "ఏ కీబోర్డు మంచిది?" అని యడిగినచో మేము ముందుగా మూడు ప్రశ్నలు వేయుచున్నాము. అది చేయవలసిన పని యేమి? దాని తోడివాద్యములు ఏవి? అది ఏ దారిని ప్రయాణము చేయవలెను? ఈ మూటికిని ఉత్తరము దొరకినచో ఎన్నిక సగము ముగిసినట్లే.

మనవారికి చిరపరిచితమైన హార్మోనియము చరిత్రమే ఈ మాటకు సాక్ష్యము. దానికి 1842లో పారిసు నగరమున పేటెంటు పొందినవాడు అలెగ్జాండర్ దెబేన్. అది కుర్చీ మీద కూర్చుండి, కాళ్లతో తిత్తులు త్రొక్కుచు వాయించు పెద్దపెట్టె. మన దేశమున గాయకులు నేల మీద కూర్చుండువారు. 1875లో కలకత్తాలో ద్వారకానాథ ఘోషు అనునాయన తిత్తిని పెట్టె వెనుకకు మార్చి, ఎడమచేత గాలి కొట్టుచు కుడిచేత వాయించునట్లు చేసెను. పెట్టె చిన్నదయ్యెను, ఒక్క మనుష్యుడు చంకను పెట్టుకొని పోదగినదయ్యెను. అందువలననే అది భజనమందిరములకును, క్రైస్తవ సంఘములకును, మన పద్యనాటకముల రంగస్థలమునకును చేరగలిగెను. దాని కొఱతయు దానితోనే వచ్చెను. మెట్టునకును మెట్టునకును నడుమనున్న గమకమును అది పలుకజాలదు. ముఖ్యముగా ఈ లోపమును చూపియే అఖిల భారత రేడియో వారు 1940లో దానిని నిషేధించి, 1971 వఱకును తమ కేంద్రములలో చేరనీయలేదు. ఒక పనికి ప్రాణమైన వాద్యము మఱియొక పనికి అడ్డమగుట ఇట్టిది.

పాశ్చాత్యదేశములలోను ఇట్లే జరిగెను. 1935లో అమెరికాలో లారెన్సు హామండు విద్యుత్తుతో పనిచేయు ఆర్గనును అమ్మకమునకు పెట్టెను. గొట్టముల ఆర్గనును కట్టించుకొనజాలని దేవాలయములకు అది అక్కఱకు వచ్చెను. 1954లో వెలువడిన దాని బి-3 రకము జాజు, గాస్పెలు బృందములకు మిక్కిలి ప్రియమయ్యెను. కాని పీటతోను, పాదములతో వాయించు మెట్లతోను కలిసి సుమారు 190 కిలోలు తూగెను. దానిని ఊరూర మోసినవారికి తేలికైన వాద్యము మీద ఎంత ఆశ యుండెనో ఊహింపవచ్చును. 1970లో మినీమూగ్ వచ్చెను. అది ఒకసారికి ఒక్క స్వరమునే పలుకును. 1983లో యమహా వారి డిఎక్స్7 వచ్చి, 61 మెట్లతో ఒక్కసారిగా 16 స్వరములు పలికెను. ఆ సంవత్సరమందే వేర్వేఱు సంస్థల వాద్యములు ఒకదానితో నొకటి మాటలాడుకొనుటకు మిడి అను ఏర్పాటు కలిగెను. 1988లో కోర్గ్ వారి ఎం1 తాళములు, తంత్రులు, వేణువు మున్నగువాని ధ్వనులను ఒక్క పెట్టెలో కూర్చెను. నేడు మనము కీబోర్డు అని పిలుచునది ఈ వంశములోనిదే.

ఇక మొదటి ప్రశ్న, పనిని గూర్చినది. నేటి కీబోర్డులను స్థూలముగా మూడు తెగలుగా విభజింపవచ్చును. మొదటిది డిజిటల్ పియానో. దానిలో ధ్వనులు కొద్ది, మెట్లు బరువు, పియానో విద్యను క్రమముగా నేర్చువారికి అది తగినది. రెండవది అరేంజరు. ఎడమచేత మూడు స్వరముల కార్డు పట్టగానే తాళము, బేసు, తంత్రులు తమంతట తామే మ్రోగును. ఈ మ్రోతకు స్టైలు అని పేరు. యమహా పిఎస్ఆర్ వరుస, కాసియో సిటి-ఎక్స్ వరుస, కోర్గ్ పిఎ వరుస ఈ తెగలోనివి. మూడవది సింథసైజరు. అది స్వయముగా బృందమును సృష్టించుటకు కాక, బృందములో నొకటియై వలసిన ధ్వనిని వలసిన క్షణమున ఇచ్చుటకు ఏర్పడినది. మన సంఘములలో తఱచు కనబడు రోలాండ్ ఎక్స్‌పిఎస్-10 ఇట్టిది. భారతీయవాద్యముల ధ్వనులును దానిలో కలవు.

పల్లె సంఘములో ఒంటరిగా పాటలకు తోడుపడువానికి అరేంజరే నిజమైన మిత్రము. డోలకు లేని లోటును అది తీర్చును. కాని తబలాయో డ్రమ్ములో ఉన్న బృందములో ఆ మిత్రమే శత్రువగును. ఒక వార్షికోత్సవమున మా విద్యార్థి యొకడు స్టైలును మ్రోగించుచుండగా, తబలా బాలుడు గాయకులను అనుసరించుచుండెను. చరణాంతమున గాయకులు ఊపిరికై క్షణమాత్రమాగిరి. తబలా ఆగెను, యంత్రము ఆగలేదు. రెండవ చరణమునకు వచ్చునప్పటికి ఒకే వేదిక మీద రెండు పాటలు వినబడెను. యంత్రము కొట్టును గాని వినదు. తాళమును పట్టు మనుష్యుడు ఉన్నచోట యంత్రతాళమును ఆపివేయవలెను. బృందములో వాయించుటకే కొనునప్పుడు స్టైలుల సంఖ్యను చూచి వెల యీయకూడదు.

ధ్వనుల సంఖ్యయు ఇట్టిదే. దుకాణదారుడు "దీనిలో 600 ధ్వనులు కలవు" అనును. ఒక సాయంకాలపు కార్యక్రమములో మనకు వలసినవి ఆఱేడు మాత్రమే: పియానో, ఎలక్ట్రిక్ పియానో, ఆర్గను, తంత్రులు, పాటక్రింద పఱచినట్లుండు మృదుధ్వని, వేణువు. ఇవి చక్కగా పలుకుచున్నవా యని వినవలెను. ఒకదాని నుండి మఱియొకదానికి ఒక్క మీటతో పోగలమా యని చూడవలెను. పల్లవి ముగిసి చరణము ప్రారంభమగులోపల మీటల నడుమ వెదకుకొనవలసివచ్చినచో ఆ 600 ధ్వనులును వ్యర్థములు. తాము కోరిన ధ్వనులను ముందుగా వరుసలో దాచుకొను సదుపాయము గలదానినే కొనవలెను.

ఒక్కసారిగా ఎన్ని స్వరములు పలుకగలదో కూడ అడుగవలెను. పియానో, తంత్రులు అను రెండు ధ్వనులను కలిపి ఎనిమిది మెట్లు నొక్కినచో పదునాఱు స్వరములగును. ఒక్కొక్క ధ్వనికి కుడియెడమల రెండు పాయలున్నచో ముప్పదిరెండగును. పెడలు త్రొక్కి యుంచినచో పాతస్వరములు ఆఱకమునుపే క్రొత్తవి వచ్చి చేరును. పరిమితి దాటినప్పుడు మునుపటి స్వరములు తెగిపోవును. కావున 64 స్వరములకు తక్కువ కానిది మేలు.

రెండవ ప్రశ్న, తోడివాద్యములను గూర్చినది. 88 మెట్ల పియానోలో మిక్కిలి క్రిందిమెట్టు సెకనుకు 27.5 కంపనములును, మిక్కిలి పైమెట్టు సుమారు 4186 కంపనములును చేయును. నాలుగు తంత్రుల బేసు గిటారు సుమారు 41 కంపనముల వద్ద ప్రారంభమగును. అనగా పియానోవాదకుని యెడమచేయి తిరుగు చోటనే బేసు గిటారు కాపురముండును. ఇద్దరును అచ్చటనే వాయించినచో పాట బురదలో దిగిన బండివలె కదలదు. గాయకుల గొంతులు నడిమిస్థాయిలో నుండును. అచ్చట కీబోర్డు దట్టముగా మ్రోగినచో మాటలు వినబడవు. కావున బేసు గిటారు ఉన్న బృందములో కీబోర్డు వాయించువాడు ఎడమచేతిని తగ్గించుకొని, గిటారు వేగముగా మీటునప్పుడు తాను దీర్ఘస్వరములను పట్టుచు, గాయకులు ఆగినచోట మాత్రము చిన్న అలంకారమును పలికింపవలెను.

దీనిని గ్రహించినచో ఎన్ని మెట్లు కావలెనను సంశయము తానే తీఱును. బృందములో అడుగుస్థాయిల పని మఱియొకరు చేయుచున్నచో 61 మెట్లు, అనగా అయిదు స్థాయిలు, పెక్కుమందికి చాలును. ఒకే కీబోర్డును రెండుగా చీల్చి ఎడమవైపున తంత్రులు, కుడివైపున పియానో వాయింపదలచినవారికి 61 ఇఱుకగును. వారికి 73 గాని 76 గాని మెట్లున్నవి అనుకూలము. లండను ట్రినిటీ కళాశాల వారి పియానో పరీక్షల వంటివానికి సిద్ధపడు పిల్లలకు బరువైన 88 మెట్లు అవసరమే. వ్రేళ్లకు బలమును, మెత్తగా గట్టిగా పలికించు నేర్పును వాని మీదనే కలుగును. ఆర్గను, వేణువు ధ్వనులను వేగముగా వాయించువారికి తేలికమెట్లే సుఖము. ఏది కొన్నను మెట్లు నిండు కొలతవై, వ్రేలి తాకుడును బట్టి ధ్వని హెచ్చుతగ్గులగునవై యుండవలెను. ఈ రెండును లేనిది నిజముగా ఆటవస్తువే.

శ్రుతి విషయము మన బృందములకు ప్రత్యేకమైనది. మన గాయకులు హార్మోనియము మెట్లను లెక్కించి శ్రుతిని చెప్పుదురు. తెల్లమెట్లకు ఒకటి, రెండు, మూడు అనియు, నల్లమెట్లకు ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర అనియు పేళ్లు. పురుషుడు ఒకటి శ్రుతిలో పాడిన కీర్తనను బాలికలు అయిదు శ్రుతిలో పాడెదమందురు. కీబోర్డులో శ్రుతిని మార్చు మీటయున్నది. దానిని నొక్కి, వ్రేళ్లను అలవాటైన మెట్ల మీదనే నడిపింపవచ్చును. ఈ సదుపాయము మంచిదే. కాని ముందటి పాటకు మార్చిన శ్రుతిని మఱచి తరువాతి పాటను ఎత్తుకొన్నచో సభయంతయు ఒక శ్రుతిలోను, కీబోర్డు మఱియొక శ్రుతిలోను ఉండును. విద్యార్థులు కనీసము నాలుగు శ్రుతులలో మీట సహాయము లేకుండ వాయించుట నేర్వవలెనని మా కోరిక. మీట ఆపదకు ఊతకఱ్ఱయే గాని కాలు కాదు.

మూడవ ప్రశ్న, దారిని గూర్చినది. మేము బాలుని విషయమున అడుగక పోయినది ఈ ప్రశ్ననే. వాద్యమును ఎవరు మోయుదురు? సైకిలు మీదనా, బస్సులోనా, ఆటోలోనా? చేఱినచోట విద్యుత్తు ఉండునా? దుకాణములో వాద్యమును వినుటతో తృప్తిపడక, సంచిలో పెట్టించి భుజమునకు తగిలించుకొని నూఱడుగులు నడచి చూడవలెను. దుకాణదారుడు నవ్వినను నవ్వనిండు.

విద్యుత్తు విషయమున మిక్కిలి జాగ్రత్త కావలెను. ఒక్కొక్క కీబోర్డునకు ఒక్కొక్క అడాప్టరు. కాసియో వారి కొన్నింటికి 9.5 వోల్టులు, యమహా వారి పెక్కింటికి 12 వోల్టులు. కొన్నింటికి నడిమిసూది ధనము, కొన్నింటికి ఋణము. దూర్చినప్పుడు సరిపోయినంత మాత్రమున సరియైనదని యెంచరాదు. తప్పుదాని వలన వాద్యము కాలిపోవచ్చును. అడాప్టరు మీద వాద్యము పేరును వ్రాసి అంటించుట మంచిది. దాని తీగను స్టాండు కాలికి ఒక చుట్టు చుట్టి కట్టవలెను. ఒక క్రిస్మసు రాత్రి గొఱ్ఱెలకాపరి వేషము వేసిన చిన్నవాడు తీగను తన్నుకొనగా, దూతల పాట నడుమ మా కీబోర్డు మూగవోయెను. ఒక పాతవిద్యార్థి ప్రక్కనున్న హార్మోనియమును ముందుకు లాగి పాటను నిలిపెను. నాటి నుండి మేము హార్మోనియమును వేదిక మీద నుంచకుండ ఏ సభను ప్రారంభింపము. చిన్న కీబోర్డులు కొన్ని ఆఱు బ్యాటరీలతోను పనిచేయును. విద్యుత్తు నిలుకడలేని పల్లెలకు పోవువారు అట్టివానిని కోరవలెను.

కీబోర్డు నుండి మైకుసెట్టు వఱకు పోవు దారియు దారియే. సామాన్యమైన తీగ చాలదూరము పోయినచో గుంయిమను రొద వచ్చి చేరును. వాద్యము వద్దనే డిఐ పెట్టె అను చిన్నసాధనమును పెట్టినచో ధ్వని పొడవైన తీగలో సైతము శుభ్రముగా మిక్సరును చేరును. ఒక్క తీగయే ఉన్నప్పుడు కీబోర్డు వెనుక ఎడమ, మోనో అని వ్రాసిన రంధ్రములో దూర్చవలెను. లేనియెడల సగము ధ్వనియే సభకు వినబడవచ్చును. వాయించువాని ముఖమునకెదురుగా ఒక స్పీకరు ఉండవలెను. తన ధ్వని తనకు వినబడనివాడు నానాటికి గట్టిగా వాయించుట స్వభావము.

కొందఱు పెద్దవిద్యార్థులు లాప్‌టాప్‌ను కీబోర్డునకు తగిలించి వాయింపవచ్చునా యని యడుగుచున్నారు. వాయింపవచ్చును. కాని మెట్టు నొక్కిన పిమ్మట ధ్వని వచ్చుటకు కొంత ఆలస్యము కలుగును. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోవును. కావున సెకనులో నూఱవవంతు ఆలస్యమనగా స్పీకరును మూడున్నర మీటర్ల దూరమున పెట్టుకొన్నట్లు. అంతవఱకు ఓర్చుకొనవచ్చును, దానికి మించినచో తాళము జాఱును. పైగా సభ నడుమ ఆ యంత్రము నిలిచిపోయినచో దానితో పాటయు నిలుచును. కనుక ఇది అనుభవము గలవారి మార్గము. రెండు కీబోర్డులను మేడపై మేడవలె నిలుపుటయు అట్టిదే. ఒకదానిని పూర్తిగా వాయింపనేర్చిన పిమ్మట రెండవదానిని తలపెట్టవలెను.

తల్లిదండ్రులకు మా విన్నపమొకటి. ఉన్న సొమ్మునంతయు కీబోర్డునకే పెట్టకుడు. అందులో అయిదవవంతును విడిగా నుంచి, కదలని స్టాండు, మెత్తని సంచి, పెడలు, రెండు మంచి తీగలు కొనుడు. అప్పు చేసి పెద్దది కొనుట కంటె ఉన్నదానితో చిన్నది కొనుట మేలు. వాడిన వాద్యమైనచో ప్రతిమెట్టును నొక్కి, ప్రతిమీటను త్రిప్పి, పెడలు పెట్టి చూచి కొనుడు. బాలుని వెంట, అతడు ఎవరి పాటకు వాయించునో ఆ గాయకుని గూడ దుకాణమునకు తీసికొనిపొండు. ఆ గాయకుడు పాడగా బాలుడు వాయించినప్పుడు ఇద్దఱి ముఖములును ఏ వాద్యము వద్ద విచ్చుకొనునో అదియే మీది.

విద్యార్థులారా, ఒక శరీరమున అవయవములెన్ని యున్నను అన్నియు కన్నులు కావు, అన్నియు చేతులు కావు. బృందములో కీబోర్డును ఒక అవయవమే. దానిలో సర్వవాద్యముల ధ్వనులు ఉన్నంతమాత్రమున సర్వుల పనిని తానే చేయవలెనని కాదు. తగిన వాద్యమును ఎన్నుకొనుటకును, తగినచోట వాయింపక యూరకుండుటకును కావలసిన గుణమొక్కటియే. అది ఇతరులను వినుట.

మేము మొదట చెప్పిన బాలుడు ఆ పెద్ద వాద్యమును అమ్మగా వచ్చిన సొమ్ముతో 61 మెట్ల అరేంజరు నొకదానిని, అదియు వాడినదానిని, కొనుక్కొనెను. ఇప్పుడతడు పెద్దవాడై, దానినే వీపున తగిలించుకొని ఊరూర కూటములకు పోవుచున్నాడు. దాని మూలలు అఱిగినవి. రెండు మీటల మీది అక్షరములు చెఱిగిపోయినవి. మొన్న కోతపండుగనాడు వారి సంఘములో అతని వాద్యమునకు మేమును గొంతు కలిపితిమి. కూటమైన పిమ్మట ఆ తండ్రి మా యొద్దకు వచ్చి, తన చిన్నకూతురును నేర్చుకొనగోరుచున్నదని చెప్పి, ఏది కొనవలెనని మరల మమ్మే యడిగెను. ఈసారి మేము వెంటనే ఉత్తరమీయలేదు. ఆ బాలికను పిలిచి, "అమ్మా, నీవు ఎవరి పాటకు వాయింపదలచితివి?" అని యడిగితిమి.